కోట గోడ మీద కబాయి

ఓరుగల్లులో, అంటే నేటి వరంగల్‌లో, ఎవరు ఏం కట్టారన్నది ఎనిమిది వందల ఏళ్లుగా రాజకీయంతో, పరువుతో ముడిపడిన సంగతి. రాజు ఎవరికి లోబడ్డాడో, నాయకుడు ఏ పక్షమో, రైతు ఎవరి గడి ముందు తలవంచాలో ఇక్కడ బట్ట చూసే పోల్చుకున్నారు. 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజుకు గుర్తుగా 2015 నుంచి ఏటా ఆగస్టు 7ను జాతీయ చేనేత దినంగా జరుపుతున్నారు. ఆ రోజు మాటలన్నీ మగ్గం గురించి, నేత కూలి గురించి సాగుతాయి. మగ్గం దిగిన బట్ట ఒంటి మీదికి చేరాక ఏం చేస్తుందన్నదీ పట్టించుకోవలసిన చరిత్రే. అందుకు వరంగల్‌ను మించిన ఊరు తెలుగునాట అరుదు.

కాకతీయులకు ముందటి కాలం గురించి ఆధారాలు చెప్పేది స్వల్పం. శాతవాహనుల నుంచి చాళుక్యుల దాకా సుమారు వెయ్యేళ్లు కొన్ని శిల్పాల్లో, నాణేల్లో, మట్టిబొమ్మల్లో మిగిలాయి. నడుముకు కుట్టు లేని బట్ట, ఒంటి నిండా నగలు, తలకట్టులో రకరకాల తీర్లు కనిపిస్తాయి. రంగులు, ధరలు, ఎవరికి ఏది నిషిద్ధమో ఆ రాళ్లు చెప్పవు.

కాకతీయుల కాలానికి వచ్చేసరికి రాళ్లతో పాటు రాతలూ మాట్లాడతాయి. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడిలో చూరు కింద నల్లరాతి మదనికలు నిలబడి ఉంటారు. వాళ్ల ఒంటి మీది బట్టను శిల్పి సన్నని గీతలతోనే చూపాడు. ఆ గీతలు లేకపోతే అక్కడ వస్త్రం ఉన్నదనే తెలియదు. మెడలో హారాలు, నడుముకు మేఖల మాత్రం ఒక్కొక్క పూసా లెక్కపెట్టగలిగేలా లోతుగా చెక్కాడు. ఒక మదనిక కాళ్లకు ఎత్తు మడమల పాదరక్షలున్నాయి. గుడికి వచ్చినవాళ్లలో ఆ పాదాల దగ్గర ఆగనివాళ్లుండరు. గొప్పింటివాళ్ల దర్జా ఆనాడు బట్ట మందంలో లేదు, దాని పలుచదనంలో, నగల పనితనంలో ఉందని ఆ శిల్పాలు స్పష్టంగా చెబుతాయి.

బట్టల పేర్ల కోసం పాల్కురికి సోమనాథుడి దగ్గరికి వెళ్లాలి. నేటి జనగామ జిల్లా పాలకుర్తితో ఆ వీరశైవ కవి పేరు ముడిపడి ఉంది. వెంజావళి, జయరంజి, మంచుపుంజం, మహాచీని అంటూ ఆయన వస్త్రాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతాడు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసేటప్పుడు ఇలాంటి కావ్యాలనే గాలించి ఆనాటి మనుషులను మన ముందు నిలబెట్టారు. శైవ భక్తులకు పట్టు కన్నా మెడలోని లింగం, నుదుటి విభూతి ముఖ్యం. ఎవరి గుర్తు వారిదే.

ఈ బట్టల సరుకు మోటుపల్లి రేవు మీదుగా సముద్రం దాటింది. గణపతిదేవుడు 1244-45లో అక్కడ వేయించిన అభయశాసనం పరదేశి వర్తకులకు రక్షణ హామీ ఇచ్చి, సుంకాలను ఖాయం చేసింది. ఆ శతాబ్ది చివర ఈ తీరం గురించి రాసిన మార్కోపోలో ఇక్కడి బట్టను సాలెగూటితో పోల్చాడు, దాన్ని కట్టుకోవడానికి ఏ రాజైనా రాణి అయినా ముచ్చటపడతారన్నాడు. ఈ దేశాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతున్నదని కూడా రాశాడు. ఆమె రుద్రమదేవి. శాసనాల్లో ఆమె పేరు చాలాచోట్ల రుద్రదేవ మహారాజు. కొలువులో మగవేషంతో కూర్చునేదని తరతరాలుగా చెప్పుకుంటారు. సింహాసనానికి ఆనాటి సమాజం ఒక రూపాన్ని ముందే ఖాయం చేసింది. దాన్ని ధిక్కరించకుండానే, ఆ రూపాన్ని తానే తొడుక్కుని ఆమె పాతికేళ్లకు పైగా ఏలింది. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని 1289లో నమోదు చేసింది.

ఆమె మనవడు ప్రతాపరుద్రుడి కాలంలో జరిగిన ఒక ఘట్టం బట్టకున్న బలాన్ని మరే సంఘటనా చూపనంతగా చూపుతుంది. పాఠ్యపుస్తకాల్లో దానికి ఒక్క వాక్యం దక్కితే గొప్ప. అందుకే ఇక్కడ కాస్త నిలబడి చూడాలి.

1310 తొలి నెలల్లో అలావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించాడు. బయటి మట్టికోట పడిపోయింది. లోపలి రాతికోట నిలిచింది. సంధి కోరిన ప్రతాపరుద్రుడు తన బంగారు ప్రతిమ చేయించి, దాని మెడకు బంగారు గొలుసు తగిలించి పంపాడని అమీర్ ఖుస్రో రాశాడు. లొంగిపోయింది ప్రతిమ, రాజు కోట దాటి రాలేదు. ఎనిమిదేళ్ల తర్వాత ఆ వెసులుబాటు దొరకలేదు.

అలావుద్దీన్ చనిపోయి ఢిల్లీలో కలతలు రేగేసరికి ఓరుగల్లు నుంచి కప్పం ఆగిపోయింది. కొత్త సుల్తాను కుతుబుద్దీన్ ముబారక్ షా 1318లో ఖుస్రోఖాన్‌ను సైన్యంతో పంపాడు. మళ్లీ ముట్టడి, మళ్లీ సంధి. ఈసారి షరతుల్లో ఏనుగులు, గుర్రాలు, బంగారంతో పాటు ఒక వేడుక కూడా ఉంది. ప్రతాపరుద్రుడు రాతికోట గోడ ఎక్కి, ఉత్తరాన ఢిల్లీ ఉన్న దిక్కుకు తిరిగి వంగి నేలను ముద్దాడాడని పారసీక కథనాలు చెబుతాయి. ఢిల్లీ సేనాని ఆయనకు మూడు వస్తువులు ఇచ్చాడు: ఒక గద, ఒక గొడుగు, రత్నాలు పొదిగిన ఒక కబా.

గద, గొడుగు ఓరుగల్లుకు కొత్తవి కావు. తెల్లగొడుగు కింద కూర్చున్నవాడే రాజు అన్నది ఈ నేలకు ఎరుకే. కబా మాత్రం పూర్తిగా వేరే లోకం నుంచి వచ్చింది. చేతులు మణికట్టు దాకా, అంచు మోకాళ్లు దాటి కిందికి, ముందు భాగం ఒకదాని మీద ఒకటి వచ్చేలా కుట్టిన నిలువుటంగీ అది. గుళ్ల మీద చెక్కిన రాజులూ దాతలూ ఛాతీ మీద నగలతో, నడుముకు పట్టుతో కనిపిస్తారు. దేహం కనిపించడమే అక్కడ తేజస్సు. ఇరాన్, మధ్య ఆసియా కొలువుల్లో ఇందుకు సరిగ్గా తలకిందులు: ఒంటిని ఎన్ని పొరలతో కప్పితే అంత మర్యాద. ఆ రోజు గోడ మీద ఈ రెండు మర్యాదలూ ఒకే మనిషి ఒంటి మీద కలిశాయి.

సుల్తాను పంపే అలాంటి బట్టను ఖిలత్ అనేవారు. ప్రభువు తన ఒంటి మీది అంగీనే, లేదా తన పేరిట కుట్టించిన అంగీని కింది రాజుకు తొడిగించడం బాగ్దాద్ ఖలీఫాల నాటికే పాతుకున్న ఆచారం. తొడుక్కున్నవాడు ఇచ్చినవాడి నీడలోకి వచ్చినట్టే లెక్క. నిరాకరిస్తే యుద్ధమే. ఈ ఆచారానికి ఢిల్లీ ఎంత ఖర్చు పెట్టేదో తెలిపే లెక్క ఒకటుంది. మరి కొన్నేళ్లకు మహమ్మద్ బిన్ తుగ్లక్ కార్ఖానాల్లో 4,000 మంది పట్టు పనివాళ్లుండేవారని, ఏడాదికి 2,00,000 జతల బట్టలు పంచేవారని అరబ్బు రచయిత అల్-ఉమరీ రాశాడు. అతిశయోక్తి కలిపి చూసినా, సామ్రాజ్యాన్ని కత్తితో పాటు సూదీ దారం కూడా కుట్టిపెట్టాయన్నది నిజం.

ప్రతాపరుద్రుడి కబాను ఒట్టి అవమానంగా చదివితే సగం సంగతే తెలుస్తుంది. కొలువు పండితుడు విద్యానాథుడు ‘ప్రతాపరుద్ర యశోభూషణం’లో అలంకారశాస్త్రంలోని ఒక్కో లక్షణానికీ ఈ రాజునే ఉదాహరణగా చూపి కీర్తించాడు. 77 మంది నాయంకరుల బలంతో కోట నిలిచిందని సంప్రదాయం. అలాంటి ప్రభువు గోడ ఎక్కి వంగడం కింద నిలబడ్డ నాయకులకు మింగుడుపడని దృశ్యమే. కాని రత్నాల కబాతో గొడుగు కింద కోటలోకి తిరిగి వెళ్లినవాడూ ఆయనే. ఢిల్లీ అండ ఉన్న రాజుగా పొరుగువారి ముందు ఆయన బరువు పెరిగింది కూడా. ఒకే బట్ట పైవాడి ముందు లొంగుబాటు, కిందివాడి ముందు పెత్తనం. ఆ కబాను ఆయన మళ్లీ ఎన్నడైనా తొడిగాడో లేదో గాని, కప్పం మాత్రం ఎంతోకాలం కట్టలేదు. 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్‌ఖాన్ కోటను పట్టి ఊరి పేరును సుల్తాన్‌పూర్‌గా మార్చాడు. బందీగా ఢిల్లీకి వెళుతూ ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతున్నది.

రాజు పోయినా కబా పోలేదు. వందేళ్లు తిరిగేసరికి అది కబాయిగా తెలుగు ఒంటికి అలవాటైంది, దానికి తోడుగా పొడవాటి టోపీ కుళ్లాయి వచ్చింది. విజయనగరంలో ప్రౌఢదేవరాయల దర్శనం కోసం శ్రీనాథుడు కుళ్లాయి పెట్టి, నిలువుటంగీ తొడగవలసి వచ్చింది. కవిసార్వభౌముడు ఆ అవస్థను చాటువుగా చెప్పుకున్నాడని ప్రసిద్ధి. ఆ కొలువుకే 1443లో వచ్చిన పారసీక రాయబారి అబ్దుల్ రజాక్ రాయలను పట్టు అంగీలో చూశాడు. లేపాక్షి పైకప్పు చిత్రాల్లో దాతలూ పరివారమూ కబాయిలతో, కుళ్లాయిలతో బారులు తీరారు. తిరుమల గుడిలో శ్రీకృష్ణదేవరాయల లోహప్రతిమ ఇంకొక మెట్టు చూపిస్తుంది. తలమీద కుళ్లాయి ఉంది, ఛాతీ మాత్రం ఆచ్ఛాదన లేకుండా ఉంది. లోకం ముందు కబాయి, దేవుడి ముందు పాత మర్యాద. ఎక్కడ ఏది విప్పాలో ఎక్కడ ఏది తొడగాలో ఆ తరం తేల్చుకుంది. పరాయి వేషం తొడిగితే స్వరూపం పోతుందనే భయం వాళ్లకు లేకపోవడం ఈనాటి వాదులాటల మధ్య గుర్తుపెట్టుకోదగ్గది.

కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల కోసం ‘క్రీడాభిరామం’ అనే వీథి నాటకం తెరవాలి. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు పొద్దంతా ఊరు తిరుగుతారు. పూటకూళ్లిల్లు, ప్రతాపరుద్రుడి భోగస్త్రీ మాచల్దేవి చిత్రశాల, ఎదురుపడే రకరకాల మనుషులు, వాళ్ల వేషభాషలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత బహమనీలు, 1504లో శాసనం వేయించిన షితాబ్ ఖాన్, కుతుబ్‌షాహీలు, మొఘలులు వరుసగా వచ్చారు. ఈ మూడు నాలుగు శతాబ్దాల్లో ఊరికి పేరు తెచ్చింది ఒంటి మీది బట్ట కాదు, నేల మీది తివాచీ. 1851 లండన్ మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు నిలిచాయి. ఆ పనితనం వారసత్వంగా కొత్తవాడలో నేసే వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అసఫ్‌జాహీల చివరి దశలో షేర్వాణీ, రూమీ టోపీ సర్కారీ కొలువుకు గుర్తులయ్యాయి. టోపీ ఒట్టోమన్ తుర్కుల నుంచి వచ్చింది. 1925లో తుర్కియే దాన్ని నిషేధించాక కూడా హైదరాబాద్ రాజ్యంలో తలలను వదల్లేదు. 1931లో ఆఖరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌ను పెళ్లాడిన యువరాజు ఆజం జా పేరు మీదే 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు వెలిసింది. పల్లెల్లో బట్ట ఇంకా కఠినమైన భాష మాట్లాడింది. దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు కాలిచెప్పులు చేతికి రావాలి. దొరల బట్టలు చాకలివాళ్లు వెట్టిగా ఉతకాలి. పాల్కురికి సోమనాథుడి పేరున్న పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంటను, పొలాన్ని కాపాడుకుంది. బట్టల పేర్లు మురిపెంగా చెప్పిన కవితో పాటు, బట్టలుతికే కులంలో పుట్టి తిరగబడ్డ మనిషిని కూడా ఆ ఊరి చరిత్రలో తలచుకోవలసిందే.

1948లో హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిశాక రూమీ టోపీ క్రమంగా కనుమరుగైంది. షేర్వాణీ మాత్రం చాలాకాలానికి పెళ్లికొడుకు రిసెప్షన్ దుస్తులుగా మళ్లీ వచ్చింది, ఈసారి ఏ కొలువుతోనూ సంబంధం లేకుండా. గొల్లకుర్మల గొంగడి వానకూ చలికీ కప్పుకునేది. గాయకుడు గద్దర్ దాన్ని భుజాన వేసుకుని, కాళ్లకు గజ్జెలతో వేదికలెక్కాక అది పేదవాడి పక్షానికి గుర్తయింది. 2001లో పుట్టిన తెలంగాణ రాష్ట్ర సమితి గులాబీ కండువాను ఎంచుకుంది. పార్టీ మారే నాయకుడికి పెద్ద నాయకుడు కండువా కప్పే వేడుక తెలుగు రాజకీయాల్లో ఎంత మామూలైపోయిందో అందరికీ తెలుసు. ప్రభువు చేతి బట్ట భుజం మీద పడడమే విధేయత అన్న ఖిలత్ తర్కం అందులో చెక్కుచెదరలేదు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచినప్పుడు, నాణ్యత నచ్చని మహిళలు కొన్నిచోట్ల బాహాటంగానే నిరసన తెలిపారు. ఉచితంగా వచ్చినా ఒంటికి తగనిది కట్టుకోబోమన్న ఆ మాట ఆత్మగౌరవం మాటే. దాన్ని కృతఘ్నతగా ఎగతాళి చేసినవాళ్లు పొరబడ్డారు.

నేసేవాళ్ల కథ మరో దారి పట్టింది. ఆజంజాహీ మిల్లు మూతబడింది. చేనేతకు గిరాకీ తగ్గి వరంగల్ పద్మశాలీ కుటుంబాలు సూరత్, భివండీ, షోలాపూర్‌ల దారి పట్టాయి. సూరత్ మరమగ్గాల మీద నడిచే పాలియెస్టర్ చీరలు తిరిగి వరంగల్ బట్టల దుకాణాలకే చేరుతున్నాయి. వలసపోయిన ఆ కుటుంబాలను వెనక్కి రప్పించే ఆశతో 2017 అక్టోబరులో గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. 2023లో దాన్ని కేంద్రం పీఎం మిత్ర పథకంలో చేర్చింది. కేరళకు చెందిన కిటెక్స్ అక్కడ పసిపిల్లల దుస్తుల కర్మాగారం పెట్టింది. ఆ దుస్తులు ఎగుమతి కోసమే.