మనం రాసిన లెక్క, బడికి వచ్చిన డబ్బు

ఈ సంచిక చదువుతున్న పెన్షనరు మిత్రులలో జనాభా లెక్కల డ్యూటీ చేయనివారు తక్కువే. ఉపాధ్యాయులకైతే అది తప్పని పని. నాకు 1971లో పడింది. ఆ మార్చిలో లోక్‌సభ మధ్యంతర ఎన్నికలు రావడంతో లెక్కను ఏప్రిల్ 1వ తేదీకి తీశారు. ఇల్లు లేనివారిని రాసుకోవడానికి మార్చి 31 రాత్రి లాంతరు పట్టుకుని సత్రం అరుగుల వెంట తిరిగాము. ఫారాలు తాలూకా ఆఫీసులో అప్పగించి, పని అయిపోయిందనుకున్నాము.

అయిపోలేదు. ఆంధ్రప్రదేశ్‌కు 4 కోట్ల 35 లక్షలని తేలిన ఆ లెక్క నలభై ఏళ్ళకు పైగా ఢిల్లీలో చెలామణి అయింది.

బడి ఖర్చులో సింహభాగం జీతాలే. ఆ జీతాలు రాష్ట్ర ఖజానా నుండి రావాలి. ఖజానాకు కేంద్ర పన్నులలో వాటా ఎంతో ఆర్థిక సంఘం చెబుతుంది. ఆ వాటాకు ఒక కొలబద్ద జనాభా. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో కేంద్రం 1971 లెక్కనే ఆధారం చేసుకుంది. 42వ రాజ్యాంగ సవరణ లోక్‌సభ స్థానాలనూ అలాగే నిలిపింది. మన నర్సమ్మలు, గ్రామసేవకులు ఇల్లిల్లూ తిరిగి చేసిన పనికి అది న్యాయమే అని నా అభిప్రాయం.

మార్పు 14వ ఆర్థిక సంఘంతో మొదలయింది. మన తెలుగువారైన వై.వి.రెడ్డి గారి అధ్యక్షతన అది 1971 జనాభాకు 17.5 శాతం, 2011 జనాభాకు 10 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. 15వ సంఘాన్ని పూర్తిగా 2011 లెక్కనే వాడమన్నారు. దానిపై 2018లో దక్షిణాది ఆర్థిక మంత్రులు తిరువనంతపురంలో, తరువాత అమరావతిలో సమావేశమయ్యారు. జననాల అదుపుకు 12.5 శాతం ప్రాధాన్యం చేర్చినా, ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 నుండి 4.047 శాతానికి, తెలంగాణ వాటా 2.437 నుండి 2.102 శాతానికి తగ్గాయి. తలసరి ఆదాయం పెరగడమూ ఇందుకు కారణమే, జనాభా ఒక్కటే కాదు. ఈ సొమ్ము బడికే వాడాలన్న నిబంధన లేదు. కానీ ఖజానా బిగిస్తే ముందు ఆగేది కొత్త టీచరు పోస్టేనని మనకు తెలియనిదా!

ఊరి స్థాయిలో మరో లెక్క ఉండేది. జనగణన రెవెన్యూ గ్రామాన్ని ఒకటిగా చూపుతుంది, శివారు మజరాలు అందులో కలిసిపోతాయి. 300 జనాభా ఉన్న ఆవాసానికి కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల ఉండాలన్నది నియమం. అందుకే విద్యా సర్వేలో ఆవాసాలను విడిగా లెక్కించేవారు. 1978 నాలుగవ అఖిల భారత విద్యా సర్వేలో నా వంతుకు వచ్చిన ఒక మజరాకు కొద్దిమంది తక్కువయ్యారు. "వలస పోయినోళ్ళను రాయవా పంతులూ?" అని ఒక ముసలాయన నిలదీశాడు. రాయలేదు. ఆ బడి చాలా ఏళ్ళు ఆలస్యమైంది. నిజాయితీగా రాశానన్న తృప్తి ఉంది, ఆ ముఖమూ గుర్తుంది.

2009 విద్యాహక్కు చట్టం వచ్చాక లెక్క ఊరిది కాదు, హాజరుపట్టీది. ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, ఆపైన సంఖ్యను బట్టి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటు సంతానం 1.7. పిల్లలు తగ్గితే పోస్టులు 'మిగులు' అవుతాయి. ఇద్దరు చాలని గోడల మీద రాయించినవాళ్ళమూ మనమే.

2021లో జరగవలసిన జనగణన కరోనా వలన ఆగింది. 2027 మార్చి 1 ఆధారంగా లెక్క తీయాలని 2025 జూన్‌లో నోటిఫికేషన్ వెలువడింది. ఈసారి ఫారాలు, పెన్సిలు కాదట, సెల్‌ఫోనులోనే నమోదు. టీచరుగా ఉన్న మా అమ్మాయి అడిగింది, 1971లో తప్పు రాస్తే ఎలా దిద్దేవారని. కొట్టివేసి, పక్కన సంతకం పెట్టేవాళ్ళమని చెప్పాను.