పనిముట్టు వివరణము: ఒక రచనావృత్తి చరిత్ర

1971 నవంబరు 3వ తేదీన, అమెరికాలోని బెల్ ల్యాబ్స్ యందు, కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అను నిరువురు యునిక్స్ అను కంప్యూటరు నిర్వహణ వ్యవస్థకు తొలి మాన్యువల్‌ను వెలువరించిరి. అందు ప్రతి కమాండునకును మొదట నామము, పిదప ప్రయోగరూపము, తరువాత వివరణము వరుసగా నుండెడివి; అంతియే కాక, ‘బగ్స్’ అను శీర్షిక క్రింద ఆ పనిముట్టునందలి లోపములును దాపరికము లేక చెప్పబడెడివి. నేటికిని పనిముట్టు వివరణము వ్రాయు విద్యకు ఆదర్శప్రాయమైనది ఆ నిష్కాపట్యమే.

అయితే నాటి పాఠకుడు మనుష్యుడు. పుటలో లేనిదానిని అనుభవముచే ఊహించుకొనును, తెలియనిచో ప్రక్కవానిని అడుగును. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ ఏఐ మోడళ్లను బయటి పనిముట్లతో కలుపు ‘ఫంక్షన్ కాలింగ్’ సౌకర్యమును, 2024 నవంబరులో ఆంత్రోపిక్ అట్టి అనుసంధానమునకే ఉద్దేశించిన ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ను ప్రకటించిన పిమ్మట, ఇట్టి వివరణమును చదివి, ఏ పనిముట్టును ఎప్పుడు చేపట్టవలెనో నిర్ణయించు బాధ్యత ఏఐ ఏజెంట్లకు విరివిగా సంక్రమించినది.

రైలు టికెట్టు వెదకు పనిముట్టునే చూడుడు. ‘తేదీ ఇమ్ము’ అని మాత్రమే వ్రాసినచో, 05-06-2025 అనునది జూన్ అయిదో, మే ఆరో తేలదు. ‘సంవత్సరము, మాసము, దినము అను క్రమమున, ఉదాహరణకు 2025-06-05, ఇది వెదకుటకే గాని టికెట్టు కొనుటకు గాదు, రైళ్లు లేనిచో ఖాళీ జాబితా వచ్చును’ అని వ్రాసినచో సందేహమునకు తావుండదు.

పాఠకుడు మారెను గాని, ధర్మము మారలేదు: పనిముట్టు చేయుదానిని, చేయలేనిదానిని సమానశ్రద్ధతో చెప్పుటయే వ్రాయువాని కర్తవ్యము.