ఇల్లు కట్టేముందే నీటి లెక్క, కరెంటు లెక్క

చిక్కబళ్లాపుర, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఇల్లు కట్టేవారు, పాత మిద్దె బాగుచేయించేవారు మా సంఘానికి వచ్చి అడిగే ప్రశ్న ఒకటే: నీరు, కరెంటు పొదుపు గురించి సర్కారు నియమాలు ఏమిటి? కాగితాలు కన్నడలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి కనుక ముఖ్యమైనవి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం.

నియమాలు

ఇళ్లలో కరెంటు పొదుపు కోసం కేంద్ర ఇంధన పొదుపు సంస్థ (బీఈఈ) 2018 డిసెంబరులో 'ఎకో నివాస్ సంహిత' తెచ్చింది. గోడలు, కిటికీలు, పైకప్పు గుండా ఎంత వేడి లోపలికి రావచ్చో అది చెబుతుంది. అయితే 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 5,380 చదరపు అడుగులు, ఆపైన ఉన్న స్థలాలకే దాన్ని ఉద్దేశించారు. మన 30×40 సైటు 1,200 అడుగులే. కర్ణాటకలో పట్టణ ప్రాంతాల్లో నిర్ణీత విస్తీర్ణం దాటిన కొత్త ఇళ్లకు సోలార్ వాటర్ హీటర్ ఉండాలని 2007లోనే ఆదేశం వచ్చింది. బెంగళూరులో 30×40, ఆపై సైటులో కొత్త ఇల్లు కడితే వాననీటి సేకరణ తప్పనిసరి. మన దగ్గర ఏమేం అడుగుతారో ప్లాను వేయించకముందే నగరసభలో, పురసభలో లేదా పంచాయితీలో, మీటరు విషయం బెస్కాంలో కనుక్కోండి.

నీరు

మన జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. వెయ్యి అడుగుల బోర్లు మనకు కొత్త కాదు. ఆ లోతునుంచి వెయ్యి లీటర్లు తోడాలంటే సుమారు 2 యూనిట్ల కరెంటు కాలుతుంది. అంటే నీరు మిగిలితే కరెంటూ మిగిలినట్లే.

వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 65,000 లీటర్లు. వృథా పోగా 50,000 లీటర్లు చేతికి వస్తాయి. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున నలుగురికి ఏడు నెలలకు పైగా సరిపోయే నీరది.

ఇంకో సంగతి. ఇక్కడ చాలా బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది, 1.5 దాటకూడదు. కాచినా అది పోదు. వాననీటిలో ఆ బెడద ఉండదు. తొలి వాన బయటికి వదిలి, తర్వాతి నీటిని వడగట్టి మూత ఉన్న సంపులోకి పంపాలి. తాగేముందు కాచుకోవాలి.

కరెంటు

ఉత్త కాంక్రీటు మిద్దె గుండా దిగే వేడి, సంహిత ఒప్పుకునే హద్దుకు రెట్టింపు పైనే. మిద్దెకు తెల్ల పూత, కిటికీలకు సజ్జాలు, ఎదురెదురు కిటికీలు తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. పాత ఫ్యాను 75 వాట్లు తింటే, బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్ల చుట్టుపక్కల చాలు. ఇంటిపై సోలార్ పలకలకు పీఎం సూర్యఘర్ కింద 2024 నుంచి గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.

మా అనుభవం

సంఘం గది మిద్దె బాగుచేయించినప్పుడు వాననీటి పైపు సంగతి మరిచాం. గార ఆరిన తర్వాత గోడ పగలగొట్టించి, రెండోసారి కూలి ఇచ్చుకున్నాం. చిన్న సైటును చట్టం అడగకపోవచ్చు. ఎండిన బోరు మాత్రం అడుగుతుంది. మిద్దె వాలు, పైపు, సంపు మూడూ పునాదినాడే మేస్త్రీతో కాగితం మీద రాయించుకోండి.