తోడులో దాగిన మాట

రాత్రి గోరువెచ్చటి పాలలో చెంచాడు మజ్జిగ వేసి, మూతపెట్టి పడుకుంటాం. తెల్లారేసరికి గడ్డపెరుగు! రాత్రంతా ఆ గిన్నెలో పనిచేసిందెవరని మనం అడగం. పులియడం గురించిన ఇలాంటి ప్రశ్న మీదే ఐరోపాలో మహామహులు ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. మన పిల్లలు బట్టీపట్టే 'ఎంజైము' అన్న మాట ఆ వాదాల మధ్య పుట్టిందే.

నేను ఆర్ట్సు చదివినదాన్ని. ఇలాంటి మాటలంటే ఒకప్పుడు భయం. తీరా విప్పి చూస్తే లోపల ఉన్నది వంటిల్లే! గ్రీకులో 'ఎన్' అంటే లోపల, 'జుమే' అంటే రొట్టెపిండిని పులియబెట్టే పులిపిండి. 'పులిపిండిలో ఉన్నది' అన్నమాట.

ఈ పేరు పెట్టినాయన జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ప్రొఫెసరు, విల్‌హెల్మ్ క్యూనె. 1876లో పెట్టాడు. అప్పటిదాకా పిండిని పులియబెట్టే ఈస్టునూ, కడుపులో అన్నం అరిగించే పెప్సిన్‌నూ ఒకే పేరుతో పిలిచేవారు. ఈస్టుకు ప్రాణం ఉంది, పెప్సిన్‌కు లేదు. ప్రాణం లేనివాటికి వేరే పేరుండాలని క్యూనె ఈ మాట కల్పించాడు. ప్రాణమున్న ఈస్టు లేనిదే చక్కెర పులిసి సారా కాదని ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ గట్టిగా చెబుతున్న రోజులవి. ఆయన మాట కాదనడం సామాన్యమా?

1897లో ఎడ్వర్డ్ బుక్నర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఈస్టును ఇసకతో కలిపి నూరి, రసం పిండాడు. అది చెడిపోకుండా మనం మురబ్బాకు వేసినట్టే చక్కెర వేశాడు. నిలవ ఉంటుందనుకున్న రసం కాస్తా బుడబుడా పొంగింది! ప్రాణమున్న కణం ఒక్కటీ లేకపోయినా చక్కెర పులిసింది. పులియబెట్టే సరుకు నిజంగానే ఈస్టు లోపల ఉందని తేలింది. పేరు పెట్టిన 21 ఏళ్లకు ఆ పేరు అక్షరాలా నిజమైందన్నమాట. అది చూడడానికి పాశ్చర్ లేడు, 1895లోనే పోయాడు. బుక్నర్‌కు 1907లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన పాఠ్యపుస్తకాల్లో పులియడాన్ని 'కిణ్వనం' అంటారు. సంస్కృతంలో 'కిణ్వం' అంటే సారా కాచడానికి వేసే పులుపు మందు. చూశారా, అక్కడా అదే కథ!

ఈసారి మీ అమ్మాయి 'ఎంజైము' అని బట్టీపడుతుంటే ఒక్కసారి వంటింట్లోకి పిలవండి. పొంగిన ఇడ్లీపిండి మూత తీసి చూపించండి. ఆ మాట మరి మరిచిపోదు.