కొండదారి సైకిలు: పుట్టుక, జాతులు, ఎంపిక



సైకిలు మన పల్లెలకు క్రొత్త వస్తువు కాదు. పాలబిందెలను, గడ్డిమోపులను, బడి పిల్లలను, పెండ్లి పిలుపులను మోసిన నల్లని సైకిలును ఎరుగనివారు మనలో లేరు. అది చదునైన బాటకొఱకు పుట్టినది. దాని చక్రము 28 అంగుళములు, టైరు సన్నము, బ్రేకులు ఇనుపకడ్డీలతో పనిచేయునవి, గేరు ఒక్కటే. ఇటీవల మన మనుమలు మరియొక విధమగు సైకిలు కావలెనని అడుగుచున్నారు. లావుపాటి గుబ్బల టైర్లు, అడ్డముగా సాగిన హ్యాండిలు, ముందు ఫోర్కులో స్ప్రింగులు గల ఆ సైకిలును మౌంటెన్ బైక్ అందురు. నేను దానిని కొండసైకిలు అని పిలిచెదను. అది ఎట్లు పుట్టెను, ఎన్ని విధములాయెను, ఎవరికి ఏది తగును అను విషయములను నేడు ముచ్చటించెదను.

ముందుగా సైకిలు వంశమును క్లుప్తముగా చెప్పెదను. 1817లో జర్మనీ దేశపు మాన్‌హైమ్ నగరమున కార్ల్ డ్రైస్ అను నాతడు రెండు చక్రముల కొయ్యబండిపై కూర్చుండి, కాళ్లతో నేలను తన్నుచు నడపెను. దానికి పెడళ్లు లేవు, చైను లేదు. 1885లో ఇంగ్లండునందలి కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ అను సైకిలును వెలువరించెను. వెనుక చక్రమును చైను త్రిప్పెడి ఆ బండికి మన వాకిటి సైకిలు సంతతియే. 1888లో బెల్‌ఫాస్ట్ నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్లప్ గాలి టైరును వాడుకలోనికి తెచ్చెను.

కొండసైకిలు పుట్టకమున్నే కొండలపై సైకిలు నడిపినవారు కలరు. వారిలో అమెరికా సైన్యమునందలి 25వ పదాతి దళమువారిని ముఖ్యముగా స్మరింపవలెను. వారు నల్లజాతి సైనికులు. 1897 జూన్ 14వ తేదీన 20 మంది సైనికులు, జేమ్స్ మాస్ అను అధికారి వెంట, మోంటానా రాష్ట్రపు మిజూలా కోటనుండి బయలుదేరిరి. గుడారము, తిండి, తుపాకి సైకిలుపైననే మోసికొనుచు, పర్వతములను దాటి, బురద వచ్చినచోట రైలుకట్టపై దిమ్మెల మీదుగా నడచుచు, 1,900 మైళ్లు పోయి, జూలై 24వ తేదీన సెయింట్ లూయీ నగరము చేరిరి. సైకిలు సైన్యమునకు పనికివచ్చునా అని పరీక్షించుటకే ఈ యాత్ర జరిగెను. వారు నెగ్గిరి, కాని సైన్యము ఆ ప్రయత్నమును కొనసాగింపలేదు, వారిని రైలుమీద వెనుకకు పంపెను. ఆ సైనికుల ఓర్పు గొప్పదే కాని, ఆ సైకిలు మాత్రము కొండకొఱకు చేసినది కాదు.

కొండకొఱకే సైకిలు చేయు పని కాలిఫోర్నియాలో జరిగెను. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున మారిన్ అను ప్రాంతము కలదు. అచ్చటి యువకులు కొందఱు 1970 తరువాత పాత సైకిళ్లను చవుకగా కొని కొండ దిగుచుండిరి. 1930, 1940 ప్రాంతములలో పత్రికలు పంచు బాలురకై ష్విన్ మొదలగు కంపెనీలు చేసిన బరువైన బండ్లు అవి. వాని టైర్లు లావు, ఫ్రేములు దృఢము. బ్రేకు వెనుక చక్రపు హబ్బులోనుండును. పెడలు వెనుకకు త్రొక్కిన అది పడును. ఫేర్‌ఫాక్స్ గ్రామము చెంత నున్న ఒక దారి రెండు మైళ్లలో 1,300 అడుగులు దిగును. ఆ దారిని దిగులోపల హబ్బులోని గ్రీజు కాగి పొగయై పోయెడిది. మరల గ్రీజు నింపిననే కాని బండి పనికిరాదు. అట్లు తిరిగి నింపుటను ఇంగ్లీషున రీప్యాక్ అందురు. ఆ దారికి ఆ పేరే నిలిచెను. 1976 అక్టోబరు 21వ తేదీన చార్లీ కెల్లీ అచ్చట మొదటి పందెమును నడిపెను. ఆ దారిని గేరీ ఫిషర్ ఒకమారు 4 నిమిషముల 22 సెకండ్లలో దిగెను.

దిగుట సరే, ఎక్కుట ఎట్లు? ఒక్క గేరు గల బరువు బండిని కొండపైకి త్రోసికొనిపోవలసి వచ్చెడిది. ఈ కష్టమే కొత్త నిర్మాణమునకు దారితీసెను. ఫిషర్ మొదలగువారు పాత ఫ్రేములకు పలు గేర్లను, గట్టి బ్రేకులను అమర్చిరి. పాత ఫ్రేములు ఆ దెబ్బలకు విరుగుచుండుటచే, జో బ్రీజ్ 1977లో కొండకొఱకే ఉక్కుగొట్టములతో క్రొత్త ఫ్రేమును చేసెను. 1979లో టామ్ రిచీ ఫ్రేములు చేయగా, ఫిషర్, కెల్లీ కలసి మౌంటెన్ బైక్స్ అను పేరుతో అమ్మిరి. అంగడిపేరు జాతిపేరుగా మారెను. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అను సైకిలును పెద్దయెత్తున చేయించి అమ్ముటతో అది నలుదిక్కుల వ్యాపించెను.

పిమ్మట తగవు పుట్టెను. ఇది మన పల్లెటూళ్ల డొంకదారి తగవు వంటిదే. కాలినడకవారును, గుఱ్ఱపు రౌతులును, వేగముగా వచ్చెడి సైకిళ్లను చూచి భయపడిరి. చక్రములు జారి దారులు కోసుకొనిపోవుచున్నవనిరి. ఏ మారిన్ కొండలలో ఈ సైకిలు పుట్టెనో, ఆ కొండలలోనే ఇరుకుదారులు పెక్కు దానికి మూతపడెను. అప్పుడు సైకిలువారు 1988లో అంతర్జాతీయ సంఘము నొకటి స్థాపించి, నడచువారికి దారి యియ్యవలెననియు, తడిసిన దారిని చెఱుపరాదనియు నియమములు పెట్టుకొని, పలుగు పార పట్టి దారులు బాగుచేయ మొదలిడిరి. హక్కు అడుగుటకు ముందు బాధ్యత నెత్తికెత్తుకొనుట మంచి నీతియే గదా. 1990లో కొలరాడోలోని డురాంగోలో ప్రపంచ పోటీ జరిగెను. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఈ పందెమునకు చోటు దొరకెను.

ఇక జాతులు. మొదటిది క్రాస్ కంట్రీ. ఎక్కుట, దిగుట, దూరము పోవుట సమానముగా నుండు పని, బండి తేలిక, స్ప్రింగు ఆట సుమారు 100 మిల్లీమీటర్లు. రెండవది ట్రైల్, పందెము లేక వినోదముగా తిరుగువారిది, ఆట 120 నుండి 150 వఱకు. మూడవది ఎండ్యూరో, దిగుటకే కాలము లెక్కింతురు, కాని ఎక్కుట కూడ తన కాళ్లతోనే. నాల్గవది డౌన్‌హిల్, పైకి లారీ గాని తీగబండి గాని చేర్చును, దిగుటయే పని, ఆట 200 వఱకు, బండి బరువు, ముఖమంతయు కప్పు శిరస్త్రాణము అవశ్యము. గంతులు వేయుటకై ఒక్క గేరుతో చేసిన పొట్టి బండ్లును కలవు.

ఈ భేదముల వెనుక ఒక్కటే సూత్రము. స్ప్రింగు ఎక్కువైన కొలది రాళ్ల దెబ్బ తగ్గును. కాని బరువు పెరుగును, త్రొక్కిన బలములో కొంత స్ప్రింగులోనే పోవును. ముందు ఫోర్కు వాలు ఎక్కువైన దిగునప్పుడు బండి నిలకడగా నుండును. నిట్టనిలువుగా ఎక్కునప్పుడు ముందు చక్రము దారి తప్పును. అన్ని పనులకు తగిన బండి లేదు.

కావున కొనువారికి నా మనవి. ముందు నేలను చూడుడు. పిల్లవాడు తారుబాటపై బడికి పోవుచున్నచో, గుబ్బల టైరు వృథాశ్రమ, స్ప్రింగు వృథావ్యయము. గులకదారి, గట్లు ఉన్నచో ముందు ఫోర్కున స్ప్రింగు చాలును. అదే ధరకు చవుకరకపు వెనుక స్ప్రింగు కంటె మంచి బ్రేకులు, మంచి చక్రములు మేలు. పిమ్మట కొలత చూడుడు: నేలపై రెండు పాదములు మోపి నిలిచినపుడు ఫ్రేము పైగొట్టమునకును కాళ్లసందునకును రెండంగుళములైన ఎడము ఉండవలెను. ఎదుగునని పెద్దబండి కొనుట మన అలవాటు. చొక్కా విషయమున అది చెల్లును, బ్రేకు అందని బండి విషయమున చెల్లదు. చివరకు పేరును చూచి మోసపోకుడు. కొండసైకిలు వేషము వేసి, మెట్టదారులకు పనికిరాదని చిన్న అక్షరములతో వ్రాసియున్న బండ్లును అంగళ్లలో కలవు. ఆ అక్షరములను చదివి, పిదప సొమ్ము చెల్లింపుడు.

మారిన్ యువకులు మొదట దారిని ఎంచుకొని, ఆ దారి అడిగినట్లు బండిని చేసిరి. మనము కొనునపుడును ఆ వరుసయే తగినది. తలకు శిరస్త్రాణము, చేతికందు బ్రేకు, ఎదుట నడచువానికి దారి: ఈ మూడింటిని మనుమలకు నేర్పి, పిమ్మట సైకిలు కొనియిండు.