అంగుళంలో ఇమిడిన గది

1942 తొలినాళ్లలో అమెరికా నౌకాదళం ఆ దేశపు బడిపిల్లలకు ఒక పని అప్పజెప్పింది. ఐదు లక్షల విమాన నమూనాలు చెక్కతో చేసివ్వాలి. అసలు విమానంలో ఆరడుగులు నమూనాలో ఒక్క అంగుళం కావాలి, అంటే 1:72 నిష్పత్తి. రంగు నలుపు. ఆకాశంలో కనబడే విమానం మనదా, శత్రువుదా అన్నది చూడగానే పోల్చుకోవడం గన్నర్లకూ కాపలాదారులకూ నేర్పడానికి అవి కావలసి వచ్చాయి. ఆ పనికి రెక్కల తీరు, ముక్కు పొడవు, తోక ఆకారం సరిపోతాయి. అందుకే పైలట్ కూర్చోవలసిన చోట కూడా చెక్కే ఉంది, లోపల గది అంటూ లేదు. దూరం నుంచి చూసేవాడి విమానం అది. నడిపేవాడి విమానం ఎలా ఉంటుందో చెప్పవలసిన అవసరం దానికి లేదు.

ప్లాస్టిక్ కిట్లు కూడా చాలాకాలం ఆ చూపుతోనే వచ్చాయి. బ్రిటన్‌లో ఫ్రాగ్ కంపెనీ 1936లోనే పెంగ్విన్ పేరుతో సెల్యులోజ్ ఎసిటేట్ కిట్లను అదే 1:72 నిష్పత్తిలో అమ్మింది. యుద్ధం ముగిశాక 1953లో ఎయిర్‌ఫిక్స్ బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ కిట్‌ను తొలిసారి తెచ్చింది. ఆ కాలపు చాలా కిట్లలో కాక్‌పిట్ అంటే ఒక పైలట్ బొమ్మ, దాన్ని నిలబెట్టడానికి లోపలి గోడల మీద రెండు మేకులు, అంతే. 1970లలో అమెరికన్ కంపెనీ మోనోగ్రామ్ తన 1:48 కిట్లలో పక్కగోడల మీద స్విచ్చులనూ డయళ్లనూ ఉబ్బెత్తుగా పోతపోసి ఇవ్వడం మొదలుపెట్టాక కొనేవాళ్ల చూపు లోపలికి మళ్లింది. ఆ తర్వాత రెజిన్ పోతలు వచ్చాయి. పలుచని ఇత్తడి రేకును ఆమ్లంతో కొరికించి చేసే ఫొటోఎచ్ భాగాలు వచ్చాయి. 1989లో చెక్ దేశంలో మొదలైన ఎడువార్డ్ సంస్థ వాటిని ప్రపంచమంతా పంచింది. ఇవాళ ఒక యుద్ధవిమాన నమూనా మీద పెట్టే శ్రమలో పెద్దవాటా ఆ అంగుళంలోపు గదికే పోతోంది.

ఇది పనిలేని పట్టుదల అని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. విమానయాన చరిత్రను మనం ఎక్కువగా వేగం, ఎత్తు, తుపాకుల సంఖ్య అనే లెక్కల్లో రాసుకున్నాం. ఆ యంత్రంలో మనిషి ఎలా కూర్చున్నాడు, చెయ్యి ఎక్కడిదాకా చాపాల్సి వచ్చింది, ఏది అందలేదు, ఏది పొరపాటున చేతికి తగిలింది అన్నవి ఆ లెక్కల్లో ఉండవు. అవన్నీ కాక్‌పిట్‌లో ఉన్నాయి. దాన్ని చిన్నదిగా మళ్లీ కట్టడానికి కూర్చున్నవాడు ప్రతి లివర్ దగ్గరా ఆగి, ఇది ఇక్కడెందుకుంది అని అడగక తప్పదు. చదివేవాడు దాటిపోగల ప్రశ్నను కట్టేవాడు దాటిపోలేడు. చరిత్ర తెలుసుకునే పద్ధతుల్లో దీనికీ చోటుందని నా వాదన.

స్పిట్‌ఫైర్ సంగతే చూద్దాం. దాని రెక్క అందాన్ని పొగడని పుస్తకం ఉండదు. కానీ తొలి మార్క్ 1 విమానాల్లో నేల వదలగానే చక్రాలను పైకి మడవడానికి పైలట్ కుడిపక్కనున్న పొడవాటి లివర్‌తో చేత్తో పంపు కొట్టాల్సి వచ్చేది. కుడిచెయ్యి పంపు మీదికి వెళ్లాలంటే కంట్రోల్ స్టిక్ ఎడమచేతికి మారాలి. ఒక చెయ్యి ఊగుతుంటే రెండోది నిలకడగా ఉండదు, అందువల్ల విమానం ముక్కు పైకీ కిందికీ ఊగుతూ ఎగిరేది. తర్వాత ఇంజన్‌తో నడిచే పంపు వచ్చి ఆ లివర్ పోయింది. మార్క్ 1 నమూనా చేసేవాడు ఆ లివర్ పెట్టాలా వద్దా అని తేల్చుకోవాలంటే తాను ఎంచుకున్న విమానం ఎప్పుడు తయారైందో, దానికి ఏ మార్పు ఎప్పుడు చేశారో వెతకాలి. రడ్డర్ పెడళ్ల దగ్గరా ఇలాంటిదే మరొకటి. వాటికి రెండు మెట్లుంటాయి. పోరాటంలో కాళ్లు పై మెట్టు మీద పెడితే మోకాళ్లు పైకి లేస్తాయి, గట్టిగా మలుపు తిరిగినప్పుడు రక్తం కాళ్లలోకి దిగిపోవడం కొంత తగ్గుతుంది, పైలట్‌కు కళ్లు చీకట్లు కమ్మడం ఆలస్యమవుతుంది. ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ ముక్కను రెండు మెట్లుగా కోసినవాడికి ఆ విమానం మనిషి ఒంటిని ఎంతగా పిండేదో అర్థమవుతుంది.

బి-17 బాంబర్‌లో చక్రాలకూ ఫ్లాపులకూ ఒకే ఆకారపు స్విచ్చులు పక్కపక్కనే ఉండేవి. యుద్ధకాలంలో అనుభవమున్న పైలట్లే నేల మీద దిగాక ఫ్లాపులు మూయబోయి చక్రాలు మడిచేసేవారు. ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని పైలట్ల అజాగ్రత్తగా చూడలేదు, అమరికలోనే లోపముందన్నాడు. చక్రాల మీటకు చిన్న చక్రాన్నీ ఫ్లాపుల మీటకు ఫ్లాప్ ఆకారపు పిడినీ తగిలిస్తే చూడకుండానే చేతికి తేడా తెలుస్తుందని చూపించాడు. నేటి ప్రయాణికుల విమానాల్లోనూ ఆ ఆకారాలే ఉన్నాయి. 1947లో ఫిట్స్, జోన్స్ అనే పరిశోధకులు కంట్రోళ్లు వాడటంలో జరిగిన 460 పొరపాట్లను వర్గీకరించి, తప్పును మనిషి నుంచి యంత్రం రూపకల్పన వైపు మళ్లించారు. యుద్ధకాలపు బి-17 లోపలిభాగాన్ని 1:48లో కట్టేవాడు ఆ రెండు స్విచ్చులను ఒకేలా, పక్కపక్కనే పెడతాడు. ఒక శాస్త్రం పుట్టడానికి కారణమైన లోపం వాడి వేలికొనకు తగులుతుంది.

అసలు పని సంగతికొస్తే, కష్టమంతా కొలతల్లోనే ఉంది. మామూలు డయల్ వ్యాసం దాదాపు 80 మిల్లీమీటర్లు. 1:32లో అది రెండున్నర మిల్లీమీటర్లవుతుంది, 1:48లో ఒకటిన్నర కంటే కాస్త ఎక్కువ, 1:72లో ఒకటి దాటి అంతే, అంటే ఆవగింజంత. 1930ల చివర్లో బ్రిటిష్ వాయుసేన తన విమానాలన్నిటికీ ఆరు డయళ్ల అమరికను ఖాయం చేసింది. పై వరసలో వేగం, కృత్రిమ క్షితిజం, ఎక్కే దిగే వేగం. కింది వరసలో ఎత్తు, దిశ, మలుపు. పైలట్ ఏ విమానం ఎక్కినా అతని చూపు అదే చోటికి వెళ్లాలన్నది ఉద్దేశం. ఆవగింజంత డయల్ మీద అంకెలు ఎవరూ చదవలేరు, కానీ ఆ ఆరు డయళ్ల వరస మాత్రం కంటికి తెలుస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు అంకెల కోసం పెనుగులాడరు. చిల్లులు పొడిచిన ఇత్తడి ముఖానికి వెనుక డయళ్లు అచ్చేసిన ఫిల్మ్ పెట్టి, ప్రతి చిల్లులోనూ మెరిసే వార్నిష్ చుక్క వేస్తారు, అది గాజవుతుంది. కిట్ ఫ్రేమును మంట మీద వేడిచేసి లాగితే వెంట్రుకంత సన్నని తీగ వస్తుంది, అది వైరింగ్. భుజాల పట్టీ అసలు వెడల్పు అయిదు సెంటీమీటర్లనుకుంటే 1:72లో 0.7 మిల్లీమీటర్లకు మించకూడదు. దానికి పలుచటి సీసపు రేకే సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అది మనిషి లేచి వెళ్లాక పట్టీ పడినట్టే కుర్చీ అంచు మీద వాలుతుంది.

ప్లాస్టిక్ మందం మరో చిక్కు. ఒక మిల్లీమీటరు మందమున్న కిట్ గోడ 1:72లో ఏడు సెంటీమీటర్లకు పైబడిన గోడతో సమానం. అసలు విమానం తొడుగు ఒక మిల్లీమీటరు అటూఇటూ ఉండే అల్యూమినియం రేకు. అంటే కిట్‌లోని గది అసలుకంటే చాలా ఇరుకు. లోపలి గోడను కాగితంలా అయ్యేదాకా అరగదీస్తే తప్ప సరైన వెడల్పు రాదు. పారదర్శకమైన మూత కూడా అంతే, ఆ మందంలో లోపలిదంతా వంకరపోయి కనిపిస్తుంది. ఇంత శ్రమ చేసి మూత అతికించాక ఎవరికి కనిపిస్తుంది అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. ప్రశ్న న్యాయమైనదే. మూసిన మూతలోంచి పెడళ్లు కనిపించవు. పోటీల్లో తీర్పరులకు కూడా కనిపించవు. కానీ ఒక పనికి విలువ చూసేవాడి కంటితోనే కట్టాలనుకుంటే, పరిశోధకుడు చదివి పుస్తకంలో వాడని కాగితాల విలువ కూడా సున్నా అనాల్సి వస్తుంది. పెడళ్ల గురించి తేల్చుకున్నవాడికి కుర్చీ ఎత్తు తెలుస్తుంది, కుర్చీ ఎత్తు తెలిస్తే తల ఎక్కడికి వస్తుందో, గన్‌సైట్ ఎక్కడుండాలో తెలుస్తుంది. మూతలోంచి కనబడే కొద్దిభాగం సరిగ్గా ఉండటానికి కనబడని భాగమే కారణం.

మ్యూజియాల్లో అసలు విమానాలే ఉన్నాయి కదా, నమూనా చెప్పేదేముంది అన్నది రెండో అభ్యంతరం. ఇది పైకి కనిపించినంత బలమైనది కాదు. స్పిట్‌ఫైర్ ఎడమవైపు తలుపుకు లోపల ఒక ఇనుప గడ్డపార ఉంటుంది, మూత బిగుసుకుపోతే పగలగొట్టి బయటపడటానికి. పునరుద్ధరించిన చాలా విమానాల్లో అది ఎర్రగా మెరుస్తుంటుంది. నమూనాలు చేసేవాళ్లు కూడా దశాబ్దాలుగా ఎర్రరంగే వేస్తూ వచ్చారు. యుద్ధకాలపు ఆధారాలను వాళ్లే జల్లెడ పట్టాక, ఆ ఎరుపు ఎక్కువగా తర్వాతి కాలపు అలవాటని తేలింది. మ్యూజియంలోని విమానం మరమ్మతులు, రంగులు, విడిభాగాల మార్పులు దాటుకుని మన దాకా వచ్చింది. దానికీ సాక్ష్యపరీక్ష అవసరమే. జపాన్ ఫైటర్ జీరో మరో ఉదాహరణ. దాన్ని రూపొందించింది మిత్సుబిషి, ఎక్కువ సంఖ్యలో తయారుచేసింది నకాజిమా. రెండు ఫ్యాక్టరీల కాక్‌పిట్ ఆకుపచ్చలు వేరు. ఆ తేడాను వెతికి పట్టుకోవలసిన అవసరం ముందుగా ఎవరికొచ్చింది? నమూనాకు రంగు వేయవలసినవాళ్లకు. అమెరికా జాతీయ విమానయాన, అంతరిక్ష మ్యూజియంలో క్యూరేటర్‌గా పనిచేసిన రాబర్ట్ మైకెష్ 2000లో జపాన్ విమానాల లోపలి భాగాల మీదే ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. దాన్ని అక్షరం వదలకుండా చదివినవాళ్లలో ఈ అభిరుచి ఉన్నవాళ్లే ఎక్కువని నేను నమ్ముతాను.

రంగు వేసే పద్ధతి మీద ఉన్న విమర్శను మాత్రం నేను సగం ఒప్పుకుంటాను. 1980లలో బెల్జియంకు చెందిన ఫ్రాంస్వా వెర్లిండెన్ ప్రచారంలోకి తెచ్చిన తీరులో మూలల్లో పలుచని ముదురు రంగును పారించి, ఆరాక అంచుల మీద దాదాపు ఎండిన కుంచెతో లేత రంగు తాకిస్తారు. నిజమైన గదిలో వెలుగునీడలు వాటంతట అవే పడతాయి, అంగుళం గదిలో పడవు, కాబట్టి చిత్రకారుడు కల్పించక తప్పదు. అంతవరకు సబబే. కానీ ప్రతి అంచూ వెండిలా రాలిపోయినట్టు చూపడం అబద్ధం. యుద్ధంలో ఎన్నో ఫైటర్ల ఆయుష్షు కొద్ది వారాలే. ఆ కొద్దికాలంలో బూట్లు రాసుకునే నేల, చెయ్యి ఆనే అంచు అరుగుతాయి, డయళ్ల బోర్డు అరగదు. స్పిట్‌ఫైర్‌లో వాడిన ఎర్రగోధుమరంగు కుర్చీ కాగితాన్ని రెజిన్‌తో అదిమి చేసినది, దాని మీద వెండి గీతలు పెట్టడమంటే లేని లోహాన్ని చూపడమే. పదార్థం తెలియకుండా అరుగుదల వేయకూడదు.

అన్నీ అచ్చులో దొరుకుతున్నప్పుడు శ్రమెక్కడుంది అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఉబ్బెత్తుగా ముద్రించిన త్రీడీ డెకాళ్లతో డయళ్ల బోర్డు ఇవాళ నిమిషాల్లో పూర్తవుతుంది. నాకు ఇందులో నష్టం కనిపించదు. ఎవరో ఒకరు కొలిచి, గీసి, ఆధారాలు సరిచూస్తేనే ఆ అచ్చు తయారవుతుంది, అది తప్పైతే పట్టుకోవడానికీ తెలిసినవాడే కావాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది: చంపే యంత్రాలను ముద్దుగా చేసి అద్దాల బీరువాలో పెట్టుకుంటున్నారన్నది. బయటి ఆకారం మాత్రమే చేసినప్పుడు ఈ మాట నిజానికి దగ్గరగా ఉంటుంది, అందమైన రెక్క మనిషిని మరిపిస్తుంది. కాక్‌పిట్ మరిపించదు. స్పిట్‌ఫైర్‌లో డయళ్ల బోర్డుకు అవతల, పైలట్ కాళ్లకు ముందు, 85 గ్యాలన్ల పెట్రోలు ట్యాంకులున్నాయి. తూటా తగిలి మంట లేస్తే అది ముఖం మీదికీ చేతుల మీదికీ వచ్చేది. మరో బ్రిటిష్ ఫైటర్ హరికేన్‌లోనూ బోర్డుకు ముందే ఒక ట్యాంకు ఉంది. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో న్యూజిలాండ్ సర్జన్ ఆర్చిబాల్డ్ మెకిండో అలా కాలినవాళ్లకు ముఖాలు మళ్లీ కట్టాడు. ఆయన దగ్గర చికిత్స పొందినవాళ్లు 1941లో గినీ పిగ్ క్లబ్ పెట్టుకున్నారు, యుద్ధం ముగిసేసరికి అందులో 600 మందికి పైగా ఉన్నారు. ఆ బోర్డుకూ ట్యాంకుకూ మధ్య దూరాన్ని నమూనాలో కొలిచి అతికించినవాడికి యుద్ధం వీరగాథగా మాత్రమే మిగలడం కష్టం.

మన దగ్గర ఈ పని చేయవలసింది ఇంకా చాలా ఉంది. 1963లో వాయుసేనలో చేరిన మిగ్-21 గత సంవత్సరాల్లో పలుచబడి, 2025 సెప్టెంబరు 26న పూర్తిగా సెలవు తీసుకుంది. దాని డయళ్ల బోర్డు మధ్యలో నిలువుగా ఒక తెల్ల గీత ఉంటుంది. విమానం గిరగిరా తిరుగుతూ పడిపోతున్నప్పుడు దిక్కు తెలియని పైలట్ స్టిక్‌ను ఆ గీతకు ఎదురుగా తేవాలి, అప్పుడది సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. కూడళ్లలో, కళాశాలల ముందు దిమ్మెల మీద నిలబెట్టిన పాత విమానాల్లో ఎన్నిటికో మూతలు మసకబారాయి, లోపలి పరికరాలు ఎప్పుడో తీసేశారు. విశాఖ బీచ్ రోడ్డులో 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా ఉన్న టీయూ-142 విమానంలోకి ఎక్కి చూడొచ్చు. మారుత్ పరిస్థితి అంత సులువు కాదు. ఫాకె-వుల్ఫ్ 190 సృష్టికర్త కుర్ట్ టాంక్ బెంగళూరులో రూపొందించిన ఆ విమానం 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది, మొత్తం 147 తయారయ్యాయి. ఆయన జర్మన్ విమానం కాక్‌పిట్ మీద ఎన్నో పుస్తకాలున్నాయి, భారతీయ విమానం లోపలి గది మీద దొరికేది బహు కొద్ది. 1990లో సేవ ముగిసిన మారుత్‌ను నడిపినవాళ్లూ, దానికి మరమ్మతులు చేసినవాళ్లూ ఇప్పుడు పెద్దవయసులో ఉన్నారు. కుడిచేతి పక్కన ఏ స్విచ్చు ఏ వరసలో ఉండేదో, ఏది చేతికి అందేది కాదో వాళ్లను అడిగి గీయించుకోవడానికి ఇదే సమయం.