కాన్సర్ కణంలో కాల్షియం కబురు

పిల్లలూ, కాల్షియం అంటే పాలు, ఎముకలే కదా మీకు గుర్తొచ్చేది! కణంలో కబురు మోసేది కూడా అదే. కణద్రవ్యంలో కాల్షియం బయటికన్నా సుమారు 10,000 రెట్లు తక్కువ. అందుకే కాస్త పెరిగినా కణానికి తెలిసిపోతుంది.

న్యూరోపెప్టైడ్లు నాడీకణాలు విడుదలచేసే చిన్న ప్రోటీన్ ముక్కలు. కప్ప చర్మంలో దొరికిన బాంబెసిన్‌ అలాంటిదే. మన ఒంట్లో దానికి సాటి జీఆర్‌పీ. ప్రోస్టేట్ కాన్సర్ కణాల్లో చాలావాటిపై దీని గ్రాహకాలు ఉంటాయి. జీఆర్‌పీ వచ్చి అతుక్కోగానే ఫాస్ఫోలైపేజ్-సి అనే ఎంజైమ్ ఐపీ3ని తయారుచేస్తుంది. ఐపీ3 వెళ్లి అంతర్జీవద్రవ్య జాలకం అనే కాల్షియం గోదాము తలుపు తీస్తుంది. అలా పొంగిన కాల్షియం కణాన్ని పెరగమని, కదలమని పురమాయించగలదు. మందులతో టెస్టోస్టెరాన్‌ను తగ్గించినా కొన్ని కణాలు ఇలాంటి పెప్టైడ్ల ఆసరాతో పెరుగుతాయి. అసలు చిక్కు అక్కడే ఉంది.

కాల్షియాన్ని తిరిగి గోదాములోకి తోడే పంపులకు ఏటీపీ కావాలి. 1929లో ఏటీపీని కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు.

తల్లిదండ్రులకు మనవి: ఇంట్లో 50 దాటిన నాన్నగారికో తాతగారికో మూత్రధార సన్నబడినా, రక్తం కనిపించినా వయసు అనుకొని ఊరుకోకండి. అన్నీ కాన్సరే కావు, అయినా డాక్టరుకు చూపించండి. మన బెంగళూరులోనే కిద్వాయి కాన్సర్ ఆస్పత్రి ఉంది.